ఎర్రద్దాల డాక్టరమ్మ

మొన్న మా అన్న మనవణ్ణి తోడుకొని హైదరాబాదులో ఒక ఆసుపత్రికి పోయాను. తోడుకొని అనడం నా గొప్పకే. ఎనభై దాటిన నన్ను వాడే చెయ్యి పట్టుకొని కారు దించాడు. వాడికి నాలుగేళ్ళ కిందట గుండె మార్చారు. ప్రమాదంలో పోయిన ఎవరో పిల్లవాడి గుండె ఇప్పుడు వాడి రొమ్ములో కొట్టుకుంటూ ఉంది. ఏడాదికొకసారి పోయి దాన్ని చూపించుకోవాలి. మణికట్టులోంచి సన్నటి గొట్టం ఒకటి గుండెదాకా పంపి, రంగుమందు వదిలి, గుండెకు నెత్తురు తెచ్చే నాళాల బొమ్మలు తీస్తారు. ఈసారి అది చాలదని, అంతకంటే సన్నటి తీగను ఆ నాళాల లోపలికే దింపి, శబ్దతరంగాలతో గోడల మందం చూస్తామన్నారు.

మావాడు విసుక్కున్నాడు. "నాకు నొప్పి లేదు కదా సార్. మెట్లెక్కుతున్నాను, షటిల్ ఆడుతున్నాను. ఏటేటా ఇదంతా అవసరమా?"

డాక్టరు కుర్రవాడే. ఓపిగ్గా చెప్పాడు. "గుండె మార్చేటప్పుడు దాని నరాలు తెగిపోతాయి. నాళాలు పూడుకుపోతున్నా ఆ సంగతి నీకు తెలియజెయ్యడానికి దానికి దారి లేదు. రంగు బొమ్మలో మాకు కనబడేది నెత్తురు పారే సందు మాత్రమే. మార్చిన గుండెలో నాళం గోడ మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా మందమవుతుంది, అందుకని పైకి బాగున్నట్టే ఉంటుంది. నొప్పి లేదన్న మాట నేను నమ్మలేను. చూడాల్సిందే."

చూశారు. ఒక నాళంలో గోడ కొంచెం మందమెక్కిందని మందు మార్చి పంపారు. సాయంత్రానికి మావాడు ఇడ్లీలు తిని ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. నేను మాత్రం ఆ డాక్టరు ఆఖరుగా అన్న మాట దగ్గరే ఆగిపోయాను. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఒక డాక్టరమ్మ అదే మాట మా అన్నతో అన్నది. ఆమె దగ్గర గొట్టాలు లేవు, రంగుమందు లేదు. ఒక చీకటి గది, ఒక తెర, రెండు కళ్ళు, అంతే. ఆమె ఇప్పుడు ఉండే అవకాశం లేదు. ఉంటే నూరు దాటి ఉండాలి.

అప్పుడు నేను కోడుమూరు నుంచి కర్నూలుకు పోయే బస్సులో కండక్టర్ని. మా అన్న ఆ బస్సు డ్రైవరు. ఓనరు సాయిబు పెద్దమనిషి, బండిని మా అన్న చేతికిచ్చి తాను నిశ్చింతగా ఉండేవాడు. డాక్టరమ్మది కోడుమూరు పక్కన పల్లె. తండ్రి చర్చిలో ఉపదేశి, ఇంత జొన్న చేను ఉండేది. మిషన్ వాళ్ళు చదివించారు. కర్నూలు టౌనులో మిషన్ ఆసుపత్రిలో ఎక్స్‌రే గది ఆమెదే. శనివారం మధ్యాహ్నం మా బస్సులో తల్లి దగ్గరికి వచ్చేది, ఆదివారం చర్చిలో గొంతెత్తి శ్రుతి తప్పి పాడేది, సోమవారం మా తొలి బస్సుకే టౌనుకు పోయేది.

పొట్టి మనిషి. తెల్లచీర, మోచేతులదాకా రవిక, కాళ్ళకు మగవాళ్ళ చెప్పులు. సగం దారిదాకా అందరిలాగే మాట్లాడుతూ కూర్చునేది. వానొస్తే రోడ్డుకు అడ్డంగా పారే వంక దాటగానే చేతిసంచిలోంచి తోలుపెట్టె తీసి, అందులోంచి పెద్ద ఎర్ర కళ్ళద్దాలు బయటికి తీసి పెట్టుకునేది. పక్కలకు కూడా వెలుతురు చొరబడకుండా తోలు కుట్టిన అద్దాలు. టౌను చేరి, ఆసుపత్రి గేటు దాటి, ఎక్స్‌రే గది తలుపు వేసుకునేదాకా వాటిని తీసేది కాదు.

మొదటిసారి చూసినవాళ్ళు కండ్లకలక అనుకొని దూరం జరిగేవాళ్ళు. మా అన్న ఒకసారి ధైర్యం చేసి అడిగాడు, "ఏంటికమ్మా అవి?"

"ఎండలో నుంచి సినిమా హాల్లోకి పోతే కండ్లకు రవ్వంతసేపు ఏమీ కనబడదు కదప్పా. నా గది దానికంటే చీకటి. అరగంట కూర్చుంటేగాని తెర మీద ఏముండేది తెలీదు. నేను ఆడికి పోయి ఊరికే కూర్చుంటే జబ్బుమనుషులు బయట నిలబడుకోవల్ల. ఈ ఎర్రద్దాలు పెట్టుకుంటే కండ్లకు చీకట్లో కూర్చున్నట్లే. అదేదో ఈడనే బస్సులోనే కానిస్తాండా."

ఇది మా అన్నకు అర్థమైంది గాని బస్సులో జనానికి వేరే విధంగా అర్థమైంది. ఎక్స్‌రే డాక్టరమ్మ కాబట్టి ఆ అద్దాల్లోంచి మనుషుల ఎముకలు కనబడతాయని ఎవరో పుట్టించారు. ఆమె అద్దాలు పెట్టుకోగానే ఆడవాళ్ళు కొంగులు బిగించేవాళ్ళు. ఎముకలు కనబడితే కొంగు మాత్రం ఏం చేస్తుందని ఎవరూ అడగలేదు. ఒకరోజు ఒకాయన గోనెసంచిని కాళ్ళ మధ్య దాచుకొని దిక్కులు చూస్తున్నాడు. డాక్టరమ్మ అతని వైపు తిరిగి, "ఏమప్పా, ఆ సంచిలో సీసాలు అట్ల ఒకదానికొకటి తగిలించకు, పగులుతాయి," అన్నది. ఆయన తర్వాతి స్టాపులో దిగిపోయాడు. చప్పుడు వినబడింది కాబట్టి చెప్పానని మాతో అని, బస్సంతా వినబడేలా నవ్వింది.

ఆమెకు మొహాలు గుర్తుండేవి కావు. ఆమె మనుషుల్ని చీకట్లో చూసే మనిషి. ఎవరైనా "బాగుండావామ్మా? నేను పోయినేడు వచ్చి చూపించుకుంటి," అంటే అయోమయంగా చూసేది. "యాడ దెబ్బ తగిలిండ్య నీకు?" అని అడిగేది. ఎడమ పక్కటెముక విరిగి అతుక్కుందనో, ఊపిరితిత్తిలో నీళ్ళు తీశారనో వాళ్ళు చెప్పగానే మొహం విచ్చుకునేది. "ఆఁ, నువ్వా! నీ రొమ్ము నాకు బాగా గుర్తుండాది," అనేది, బస్సు నిండా మగవాళ్ళు వింటూ ఉండగా. ఆ మాటలో తప్పేముందో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

ఆమె కుడిచేతి వేళ్ళ మీద చర్మం నల్లబడి, ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉండేది. గోళ్ళు గీతలు గీతలుగా ఉండేవి. ఎక్స్‌రే కిరణాలు తగలకుండా తెర ముందు సీసపు చేతితొడుగు వేసుకోవాలట. అది వేసుకుంటే కడుపు నొక్కి చూడ్డానికి వేళ్ళకు ఏమీ తెలియదని తీసేసేదట. ఈ సంగతి ఆమె చెప్పలేదు, ఆసుపత్రిలో నర్సు చెప్పింది.

ఇక మా అన్న. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మా నాయన పోయాక నన్ను పెంచి, బండి మీదికి తెచ్చింది ఆయనే. లావుగా, నల్లగా, నిండుగా ఉండేవాడు. స్టీరింగు ముందు కూర్చుంటే బండి ఆయన వొంట్లో భాగమైనట్టు ఉండేది. ఒక చలికాలం ఆయనకు దగ్గు పట్టుకుంది. నెల దాటినా తగ్గలేదు. మా వదినకు క్షయేమోనని భయం. ఆయన పట్టించుకోలేదు.

ఒక సోమవారం అద్దాలు పెట్టుకొని వెనక ఆడవాళ్ళ సీట్లో కూర్చున్న డాక్టరమ్మ నన్ను పిలిచింది. "ఆ దగ్గు ఎవురిది?"

"మా అన్నదేమ్మా."

"బండి స్టాండులో పెట్టినాక పిల్చుకొని రా."

"మళ్ళీ ట్రిప్పు ఉండాది కదమ్మా."

"ట్రిప్పుకు ముందే పంపిస్తా. రా."

పోయాము. అన్నను గదిలోకి తీసుకుపోయింది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. అనుకున్నదానికంటే చాలాసేపు పట్టింది. తర్వాత ఇద్దరూ బయటికి వచ్చారు. మూత్రం పరీక్ష చెయ్యమని నర్సుకు చెప్పి, మమ్మల్ని పక్కగదిలో కూర్చోబెట్టింది.

"ఊపిరితిత్తులు బాగుండాయి. క్షయ కాదు. దగ్గుకు మందు రాస్తా."

మా అన్న లేచి నిలబడ్డాడు. నాకు కూడా ప్రాణం లేచి వచ్చింది.

"కూర్చోప్పా. గుండె సంగతి వేరే ఉండాది." ఆమె అడగడం మొదలుపెట్టింది. నడిస్తే రొమ్ములో పట్టేసినట్టు ఉంటుందా? లేదు. ఎడమచెయ్యి గుంజుతుందా? లేదు. బరువు ఎత్తితే ఆయాసం? లేదు. ఇంతలో నర్సు గాజుగొట్టం తెచ్చి చూపించింది. కాచిన మూత్రం ఇటుకరాయి రంగుకు తిరిగి ఉంది. చక్కెర జబ్బు అన్నది డాక్టరమ్మ. ఆ జబ్బు ఉన్నట్టు మాకు అంతవరకు తెలియదు. ఆమె వంగి మా అన్న చెప్పు విప్పించింది. కుడి పాదం పక్కన పెద్ద బొబ్బ లేచి పగిలి పచ్చిగా ఉంది.

"ఇదెప్పుడైంది?"

మా అన్న తొంగి చూసి ఆశ్చర్యపోయాడు. "ఏమో మా! ఇంజను వేడి తగిలిందేమో. నేను చూసుకోలా."

"నొప్పి లేదా?"

"లేదు."

"చూడప్పా," అన్నది డాక్టరమ్మ చెప్పు మళ్ళీ కాలి దగ్గర పెడుతూ. "కాలు కాలితే నీ కాలే నీకు చెప్పకపాయ. గుండెకు కష్టమొస్తే అది మాత్రం యాడ చెప్తాది? నొప్పి లేదంటే నేను నమ్మను. చూడాల్సిందే. దగ్గు కోసం చూస్తాంటే కనబడింది. గుండెకు నెత్తురు పోసే గొట్టం ఒకటి సున్నం పట్టుండాది. గుండె కొట్టుకునేటప్పుడల్లా దానితోపాటు ఎగురుతాంది."

"సున్నమైతే ఏమవుతాది?"

"నాకు కనబడింది సున్నం మాత్రమే. లోపల సందు ఎంత ఉండేది నాకు కనబడదు. పదేండ్లు ఏమీ కాకపోవచ్చు. రేపే నువ్వు కండ్లు తేలేయొచ్చు."

"అంటే మీకే తెలీదు."

"తెలీదప్పా."

"తెలీనిదానికి నేను స్టీరింగు ఇడిసిపెట్టల్ల అంటావా మా?"

"అవును. నీ వెనక బండినిండా జనం కూర్చోనుంటారు."

మా అన్న చెప్పు తొడుక్కున్నాడు. నమస్కారం పెట్టాడు. స్టాండుకు నడుస్తూ నాతో, "దగ్గు కోసం పోతే పని మానిపిస్తాందిరా ఈయమ్మ," అని నవ్వాడు. దగ్గు మందు తాగాడు, దగ్గు తగ్గింది. చక్కెర మానేశాడు. బండి మాత్రం మానలేదు.

అయితే ఆ శనివారం నుంచి డాక్టరమ్మ ఆడవాళ్ళ సీట్లో కూర్చోవడం మానేసింది. డ్రైవరు వెనక సీటు అడిగి మరీ తీసుకునేది. దారి పొడుగునా మా అన్న మెడ వైపు, చేతుల వైపు చూస్తూ ఉండేది. నాకు ఉండబట్టలేదు. "భయంగా ఉంటే పదింటి బస్సు కూడా ఉండాది కదమ్మా," అన్నాను.

"భయంగానే ఉండాది. అందుకే ఈడ కూర్చున్నా. నీకు బండి తోలేది వచ్చునా?"

"వస్తాది. లైసెన్సు కూడా ఉండాది."

"నువ్వు నిలబడే చోటి నుంచి బ్రేకు అందుతాదా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. స్టాండులో బండి ఆగి ఉన్నప్పుడు నన్ను నిలబెట్టి, వంగి బ్రేకు తొక్కమన్నది. అందలేదు. చేతిబ్రేకు అందింది. "అయితే నువ్వు దాని పక్కనే నిలబడు. టిక్కెట్లు ముందే కోసుకో," అన్నది. ఎవరు చూస్తే ఏమనుకుంటారోనని మా అన్నకు మండింది గాని, డాక్టరమ్మను ఏమీ అనలేకపోయాడు.

ఈ మాట గుట్టుగా ఉండలేదు. కోడుమూరులో మా అన్నను గుండెజబ్బు డ్రైవరు అనడం మొదలైంది. పదింటి బస్సులో జనం పెరిగారు. మా వదిన దీన్ని సహించలేదు. ఆమె గట్టి మనిషి. ఒక సోమవారం బండెక్కి నేరుగా డాక్టరమ్మ పక్కన కూర్చుంది.

"నా మొగునిలో ఏం చూసినావమ్మా నువ్వు?"

డాక్టరమ్మ చెప్పబోయింది. వదిన వినలేదు. "మాటలొద్దు. ఆయప్ప గాని పండుకుంటే గోడ పడినట్ల పండుకుంటాడు, లేస్తే ఎద్దు మాదిరి లేస్తాడు. ఊర్లో అందరూ నీ మాట చెప్పుకొని మా బండి ఎక్కేదానికి జంకుతాండారు. నీ కండ్లకు కనబడింది నా కండ్లకు చూపించు. చూపించలేకపోతే కాదని నలుగురి ముందర చెప్పు."

మా అన్న అద్దంలోంచి చూస్తూ రోడ్డు మీది గుంతలన్నీ తొక్కించాడు.

"చూపిస్తా," అన్నది డాక్టరమ్మ. "ఈపొద్దే రా. అయితే నీకు ఈ అద్దాలు లేవు. అరగంట చీకట్లో కూర్చోవల్ల. కూర్చుంటావా?"

"పొద్దు మునిగేదాకా కూర్చుంటా."

ఆ గది ఎంత చీకటంటే తలుపు వేశాక నా చెయ్యి నాకు కనబడలేదు. గోడలకు నల్లరంగు, కిటికీలకు నల్లగుడ్డ. అన్నను యంత్రం ముందు స్టూలు మీద కూర్చోబెట్టింది. నన్నూ వదిననూ తన పక్కన బల్ల మీద కూర్చోబెట్టి సీసపు గౌన్లు మీద వేసింది. అవి మోయలేనంత బరువు. అట్లా నలుగురం ఏమీ కనబడకుండా కూర్చున్నాం. చీకట్లో మనుషులు మాటలు దాచుకోలేరో ఏమో, వదిన కోపం కాసేపటికి కబుర్లలోకి దిగింది.

"నీకు మొగుడు లేడా మా?"

"లేడు తల్లీ."

"ఏంటికి చేసుకోలా?"

"ఒకాయన వచ్చినాడు. చీకటి గదిలో మగోళ్ళను చొక్కాలు విప్పించే పని మానుకొమ్మన్న్యాడు."

"మరి?"

"మానుకోలా."

చీకట్లో అవతల నుంచి మా అన్న నవ్వు వినబడింది. వదిన కూడా నవ్వింది. ఆసుపత్రి వరండాలో ఎవరో బిందె పెట్టిన చప్పుడు, జనరేటరు చప్పుడు.

"ఇప్పుడు చూద్దాం," అని డాక్టరమ్మ లేచింది. అన్నను నిలబెట్టి ఎదురుగా తెర దించింది. కాలితో ఏదో తొక్కింది. తెర మీద పచ్చటి మసక వెలుతురు వచ్చింది. అందులో పక్కటెముకలు, మధ్యలో నల్లగా ముద్దలాంటిది ఒకటి, ముడుచుకుంటూ విప్పుకుంటూ ఉంది. అది మా అన్న గుండె అని నాకు తట్టడానికి కొంతసేపు పట్టింది. నన్ను భుజాల మీద ఎత్తుకొని తిరిగిన మనిషి. ఆయన లోపల ఇంత పని ఎడతెగకుండా జరుగుతూ ఉందని నేను ఏనాడూ అనుకోలేదు.

డాక్టరమ్మ కాలు తీసింది. చీకటి. "అన్నీ ఒకేసారి చూడలేవు. రవ్వంత పక్కకు తిరుగప్పా. ఆఁ, చాలు. ఊపిరి బిగబట్టు." మళ్ళీ తొక్కింది. ఈసారి తెర మీద వెలుతురు అరచేయంత కిటికీగా చిన్నదైంది. "తల్లీ, దాన్ని తేరిపార చూడొద్దు. కొంచెం పక్కకు చూడు. చీకట్లో అట్లయితేనే కనబడతాది. ఇదో ఈడ."

నేను కూడా చూశాను. నాకు గుండె కదలడం కనబడింది. సున్నం పట్టిన గొట్టం నాకు కనబడలేదు. ఇప్పటికీ ఆ మాట ఉన్నదున్నట్టే చెప్తాను. నాకు కనబడలేదు.

మా వదిన మాత్రం ఊపిరి లోపలికి పీల్చింది. "ఇంకోసారి చూపించు," అన్నది.

"ఒక్కసారే. ఎక్కువ చూస్తే ఆయప్పకు మంచిది కాదు."

ఇంకోసారి చూపించింది. తలుపు తీశాక వెలుతురులో ఆమె మొహం చూడబోతే కొంగుతో కళ్ళు మూసుకొని ఉంది. ఎండ కోసమే అయ్యుండవచ్చు.

మా అన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. ఆయనకు తెర అవతలి వైపు ఏముందో కనబడలేదు. కనబడే వీలు లేదు. "చూసినావా?" అన్నాడు వదినతో.

"చూసినా."

"ఎట్లుండాది?"

"మన చిన్నోడు పుట్టినప్పుడు నడినెత్తి మీద మెత్తగా ఎగురుతా ఉండ్య చూడు, అట్లుండాది. దాని మీద నల్లపూసల దారం మాదిరి ఒకటి పడి ఎగిరెగిరి పడతాంది." కళ్ళ మీది కొంగు తీసింది. "నువ్వు రేపటి నుంచి బండెక్కద్దు."

"నువ్వు గూడ డాక్టరువైతివా?"

"నేను చూసినా అంటాండా కదా."

మా అన్న నా వైపు చూశాడు, డాక్టరమ్మ వైపు చూశాడు. డాక్టరమ్మ చెప్పిందంతా విని నవ్వినవాడు ఆ ఒక్క మాటకు నవ్వలేదు. ఆరోజు మధ్యాహ్నం బండిని టౌను నుంచి కోడుమూరు దాకా తానే తోలాడు. స్టాండులో నిలిపి, ఇంజను ఆపి, కిందికి దిగి, తాళం నా చేతిలో పెట్టాడు.

ఓనరు సాయిబు మంచివాడు. "అరే, మనిషి ఉంటే కదా బండి," అని, మా అన్నను కోడుమూరు స్టాండులో టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. నేను డ్రైవర్ని అయ్యాను. మా అన్నకు అది ఏ మాత్రం ఇష్టం లేని పని. బండి కనబడక ముందే, దూరం నుంచి ఇంజను చప్పుడు బట్టే నా తప్పులు పట్టేవాడు. "మూడో గేరు అంత తొందరగా ఏంటికి వేస్తివిరా? మలుపు కాడ కరకరమనిపిస్తివే," అని స్టాండులో అందరూ వినేలా తిట్టేవాడు. డాక్టరమ్మ దిగితే మాత్రం లేచి నిలబడి, "మీ వల్ల జైల్లో కూర్చున్నట్లుండాది మా," అనేవాడు. ఆమె చక్కెర సంగతి అడిగేది, పాదాలు చూపించమనేది. ఆయన కిటికీలోంచి ఒక్కో కాలూ బయటికి పెట్టి చూపించేవాడు.

అట్లా రెండేండ్లు దాటింది. ఊళ్ళో జనం మరిచిపోయారు. కొందరు మరిచిపోకుండా, రాయి లాంటి మనిషిని ఆ ఎర్రద్దాలావిడ మూల కూర్చోబెట్టిందని అన్నారు. అప్పుడప్పుడు నాకూ అదే అనిపించేది.

ఒక శనివారం మధ్యాహ్నం నేను బండి తెచ్చేసరికి స్టాండులో గుంపు ఉంది. కిటికీ ముందు టిక్కెట్లకు నిలబడినవాళ్ళు చెప్పారు. చిల్లర ఇవ్వడానికి చెయ్యి చాపినవాడు అట్లే బల్ల మీద తల వాల్చాడట. అమ్మా అనలేదట. రొమ్ము పట్టుకోలేదట. డాక్టరమ్మ నా వెనకే దిగి, జనాన్ని తోసుకొని పోయి, మెడ మీద వేళ్ళు పెట్టి చాలాసేపు ఉంచింది. తర్వాత చెయ్యి తీసి, ఆయన కళ్ళు మూసింది.

మా వదిన పరుగెత్తుకుంటూ వచ్చింది. వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఏడవలేదు. డాక్టరమ్మను చూసి, "నేను చూసినప్పుడు బాగా ఆడతా ఉండ్య కదమ్మా," అన్నది.

"ఉండ్య తల్లీ," అన్నది డాక్టరమ్మ. "శానా బాగా ఆడతా ఉండ్య."

అప్పుడు ఏడ్చింది వదిన. డాక్టరమ్మ ఆమెను పట్టుకొని నేల మీదే కూర్చుంది. ఆ ఆదివారం చర్చికి పోలేదు, మా ఇంట్లోనే ఉంది.

సోమవారం బండి తీయనన్నాను. సాయిబు కూడా వద్దన్నాడు. ఇంట్లో కూర్చోలేక మళ్ళీ నేనే తీశాను. డాక్టరమ్మ నా వెనక సీట్లో కూర్చుంది. రాత్రి పైన ఎక్కడో వాన పడింది కాబోలు, వంక పారుతూ ఉంది. బండి నిలిపాను. కండక్టరు దిగి పంచె పైకి కట్టుకొని లోతు చూడ్డానికి నీళ్ళలోకి పోయాడు. ఇంజను ఆపేశాను. నీళ్ళ చప్పుడు వినబడుతూ ఉంది.

"నేను చేసిందేముందప్పా," అన్నది ఆమె వెనక నుంచి మెల్లగా. "చూసినా. చెప్పినా. బాగుచేసేదానికి నా కాడ మందు లేకపాయ. స్టీరింగు మీద నుంచి దించి కిటికీ కాడ కూర్చోబెడితి. అట్ల గాకుండా ఈ రెండేండ్లు తనకు ఇష్టమైన పని చేసుకుంటా అయినా పోయుండు కదా."

వంక వైపు చూస్తూ కూర్చున్నాను. గుర్తొచ్చింది.

"మా," అన్నాను, "శనివారం మా యన్న తల వాల్చిన యాళకు మనం ఈడనే ఉంటిమి. ఈ దిగుడులోనే దిగుతాంటిమి. బండి నిండా జనం ఉండ్రి."

ఆమె సీట్లో వెనక్కి తిరిగిన చప్పుడైంది. నేనూ తిరిగి చూశాను. చివరి వరుసలో ఒకామె బిడ్డకు పాలిస్తూ ఉంది. మిరపకాయల మూట మీద తల పెట్టి ఒక ముసలాయన నిద్రపోతున్నాడు. ఇద్దరు బడి అయ్యవార్లు ఏదో వాదించుకుంటున్నారు. కొత్త చీరలో ఉన్న పిల్ల కిటికీలోంచి సగం బయటికి వంగి నీళ్ళు చూస్తూ ఉంటే వాళ్ళమ్మ రవిక పట్టుకొని లోపలికి లాగుతూ ఉంది. డాక్టరమ్మ ఒక్కొక్కరి మొహం మీద కళ్ళు నిలిపి చూసింది. ఆమె మనుషుల మొహాలు అంత శ్రద్ధగా చూడటం నేను అంతకుముందు చూడలేదు.

నీళ్ళలోంచి కండక్టరు చెయ్యెత్తి కేక వేశాడు. "మోకాలి లోతే! రావచ్చు!"

"పోనీప్పా," అన్నది ఆమె.

నేను మొదటి గేరు వేసి బండిని వంకలోకి దించాను.